రాజు సమాధిలో ఇద్దరు పాపలు

నా ముఖం ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం చాలామందికి తెలుసు. కుక్కర్ ప్రకటనలో ఇల్లాలిని తెగ మెచ్చుకునే మొగుణ్ని నేనే. అడవి కార్యక్రమంలో "పాపం, ఆ తల్లి జింక" అని జాలిపడేదీ నేనే. ఇంటికొస్తే మాత్రం "అన్నం పెట్టు", "ఫ్యాను వెయ్యి" తప్ప నా నోట మాట రాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా అత్త ఎవరిని అన్నా, నన్నే అన్నట్టుంటుంది.

ఈ మధ్య పంజాగుట్టలోని డబ్బింగ్ స్టూడియోలో ఒక ఈజిప్టు ఫరో కథకు తెలుగు చెప్పాను. ఆయన పేరు తిన్నగా పలకడానికే నాకు ఒక పూట పట్టింది. బడికి పోవాల్సిన వయసులో సింహాసనం ఎక్కాడట. తన తండ్రికి మరో రాణి వల్ల పుట్టిన అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడట. "మన మేనరికాలే నయం గదా తమ్మీ" అని అద్దానికి అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరుతో నవ్వాను కూడా.

తర్వాతి కాగితంలో వాళ్ల పిల్లలున్నారు. ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరూ దక్కలేదు. ఒకరికి నెలలు నిండనే లేదు. ఆ రాజు కూడా ఇరవై నిండకుండానే పోయాడు. రథాలతో, సింహాసనాలతో పాటు ఆ పసిగుడ్లను కూడా చిన్న చిన్న పెట్టెల్లో అతని సమాధిలోనే ఉంచారు. అప్పటిదాకా ఎవరో భద్రంగా దాచినట్టున్నారు. పెట్టెల మీద పేర్లు లేవు.

"పేరు పెట్టేదాకా ఆగలేదు వాళ్లు. అయినా నాన్న దగ్గరే ఉన్నారు" అన్న వాక్యాన్ని ఒక్కసారికే చెప్పేశాను. ఎక్కడ వణకాలో అక్కడే వణికింది గొంతు.

"అన్నా, మస్తు చెప్పినవ్. కండ్లల్ల నీళ్లు తెప్పించినవ్ పో" అన్నాడు ఇంజనీరు. నేను సిగ్గులేకుండా కాలరెగరేశాను.

ఆ సంబరం మెట్లు దిగేదాకే. రెండు సందుల అవతలే ఆ ఆసుపత్రి ఉంది. దాని ముందు నుంచి పోవాల్సొస్తే నేను ఇప్పటికీ చుట్టు తిరిగి పోతాను. మా పాప అక్కడే పుట్టింది, ప్రాణం లేకుండా. నర్సు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి "చూస్తరా సార్?" అని అడిగితే, ఫోను వచ్చినట్టు జేబు తడుముకుంటూ బయటికి నడిచాను. నాకు ఏ ఫోనూ రాలేదు. టీ బండి దగ్గర నిలబడ్డాను. నాకన్నా పదేళ్లు చిన్నవాడు మా బామ్మర్ది. వాడు ఆ గుడ్డమూటను గుండెకానించుకుని ఆటో ఎక్కుతుంటే ముఖం తిప్పుకున్నాను. ఎక్కడ పెట్టావని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. మత్తు వదిలి నా భార్య కళ్లు తెరిస్తే, నేను అన్న మొదటి మాట "గ్యాస్ బుక్ చెయ్యాలె" అని. అది గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కోసేసుకోవాలనిపిస్తుంది.

ఆ ఫరో కార్యక్రమం టీవీలో ఎప్పుడొస్తుందో ఇంట్లో చెప్పలేదు. కానీ టీవీకి నా మీద దయ ఎందుకుంటుంది? ఒక శనివారం మధ్యాహ్నం, అమీర్‌పేటలోని మా రెండు గదుల ఇంట్లో, నా భార్య వెల్లుల్లి ఒలుస్తూ ఛానళ్లు తిప్పుతుంటే నా గొంతే పలికింది. నేను రిమోట్ అందుకోబోయాను.

"ఉండనియ్యి" అంది.

చిన్న పెట్టెలు కనిపించాయి. టీవీలో నా గొంతు వణికింది. ఆమె చేతులు ఆగిపోయాయి. ప్రకటనలు మొదలయ్యాక టీవీ కట్టేసి నా వైపు తిరిగింది.

"ఎవల బిడ్డలకోసమో గింత మంచిగ ఏడ్చినవ్ గదా. మన బిడ్డ యాడుందో నీకు ఎరికేనా?"

"తెల్వదు" అన్నాను. ఇంజనీరు వినుంటే మళ్లీ చెప్పించేవాడు, అంత సన్నగా వచ్చింది ఆ మాట.

"నాకెరికే. బోరబండ దిక్కు సమాధుల తోటల, గోడ పక్కన. నేను లేచి తిరుగుడు మొదలువెట్టంగనే మా తమ్ముడు తీస్కపోయి చూపించిండు. ఏటా పోతున్న. నువ్వు అడిగితే చెప్దామని ఊకున్న."

ఇన్నేళ్లూ ఆమె ఏటా ఒక పూట బయటికి పోయి, ఎర్రబడ్డ కళ్లతో తిరిగొస్తుంటే, ఎక్కడికని కూడా అడగని మనిషిని నేను. తలెత్తి చూడలేకపోయాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. నోరు తెరిచేముందు, మైకు ముందు అలవాటైనట్టే, ఒకసారి గొంతు సవరించుకున్నాను. ఆ చప్పుడు వినగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"రేపు చర్చి అయినంక తోల్కపోత. గాడ మాత్రం ఏం మాట్లాడకు. ఊకె నిలబడు."