ఎడమచేతి కీబోర్డు

మయూర్ విహార్ నుంచి నోయిడా ఆఫీసుకి మెట్రోలో వెళ్ళే తెలుగువాళ్ళలో నా అంత మొండిమనిషి ఇంకొకరు ఉండరు. అందరూ కంపెనీ ఇచ్చిన ఎడిటర్‌లో ప్రోగ్రాములు రాసుకుంటారు. నాకు మాత్రం నా పాతదే కావాలి. నల్ల తెర, దాని మీద అక్షరాలు, అంతే. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది కానీ, ఏ మీట నొక్కితే ఏం జరగాలో మనమే రాసిపెట్టుకోవచ్చు. ఆదివారం కూడా దాని ముందు కూర్చుంటే, "దాంతోనే కాపురం చెయ్యి" అంటారు మావారు.

కుడి మణికట్టు పాడైనప్పుడు నన్ను కాపాడింది అదే. డాక్టరు పట్టీ వేసి, టైపింగ్ మానెయ్యమన్నాడు. మానేస్తే ఉద్యోగం ఎవరు చేస్తారు, ఆయనా? స్పేస్ మీట నొక్కిపట్టుకుంటే కుడివైపు అక్షరాలన్నీ ఎడమచేతి కిందకు వచ్చేలా ఎడిటర్‌కి ఒక చిన్న జోడింపు రాసుకున్నాను. ఇప్పటికీ రోజులో సగం పని దాంతోనే. పనికొచ్చేది రాస్తే దాచుకోకూడదనేది ఈ ఎడిటర్ వాడే మావాళ్ళ ఆచారం. అందుకని ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు అని రాసి, ఒక మారుపేరుతో ఇంటర్నెట్‌లో పెట్టేశాను.

వాడుతున్నట్టు కనిపించింది ఒకే ఒక్కడు. అతనిదీ మారుపేరే. కామా పడటం లేదని రాస్తాడు. అది బాగుచేస్తే, ఫలానా మీట ఆలస్యంగా పలుకుతోందంటాడు. వీడెవడ్రా బాబూ, నా ప్రాణానికి! ఘాటుగా జవాబిచ్చేదాన్ని. అయినా మర్నాడు కూర్చుని సరిచేసేదాన్ని.

ఈమధ్య మా ఆఫీసులో కొత్త నియమం వచ్చింది. ఒక్క మనిషి మాత్రమే చూసుకునే ప్రోగ్రాం ఏదీ ఆఫీసు కంప్యూటర్లలో ఉండకూడదట. కంప్యూటర్ సెక్యూరిటీ విభాగంలోని వరంగల్ అబ్బాయి నా జోడింపు చూపించి, "మేడం, ఇది రాసినోళ్ళు ఎవరో తెల్వదు, తీసెయ్యాలె" అన్నాడు.

"ఆ రాసింది నేనే నాయనా!"

"అచ్ఛా! మంచిదే మేడం. గానీ రేపు మీకేమన్నయితే దీన్ని ఎవరు సూస్తరు? ఇంకొకరు ఉండాలె."

కోపం తరవాత వచ్చింది, ముందు భయమేసింది. అది తీసేస్తే నా చెయ్యి మళ్ళీ పట్టీలోకి వెళుతుంది. ఆ చేత్తో ఎన్నాళ్ళు ఈ ఉద్యోగం చెయ్యగలను? ఆ ఇంకొకరుగా ఉండమని ఆఫీసులో ఎవరిని అడిగినా నవ్వి ఊరుకున్నారు. చివరికి, వేరే గతిలేక, ఆ తప్పులు పట్టేవాడికే రాశాను. తీరా చూస్తే ఉండేది ఘాజియాబాద్‌లోనే. ఆదివారం ఇంటికి రమ్మన్నాడు.

తలుపు తీసినతని కుడిచెయ్యి భుజం నుంచి చచ్చుబడి వేలాడుతూ ఉంది. స్కూటర్ ప్రమాదమట. ఎడమచేత్తోనే టీ కప్పు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను చేతికి విశ్రాంతి కోసం రాసుకున్నది ఇతనికి రెండో చెయ్యన్నమాట. ఇన్నాళ్ళూ నేనిచ్చిన జవాబులన్నీ గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

నాతోపాటు దాని బాధ్యత తీసుకుంటారా అని హిందీలో అడిగాను. అతను కంగారుపడ్డాడు.

"నాకు ప్రోగ్రామింగ్ రాదు దీదీ. ఇంట్లో కూర్చుని అదే ఎడిటర్‌లో అనువాదాలు టైపు చేసుకుంటాను, అంతే."

"మరి అన్ని తప్పులు ఎలా పట్టారు?"

"రోజంతా దాని మీదే ఉంటాను కదా! మీరు చాన్నాళ్ళు కనిపించకపోతే, వదిలేశారేమోనని భయమేసేది. ఏదో ఒక తప్పు వెతికి రాసేవాణ్ణి. కోపమొచ్చి అయినా సరే, మళ్ళీ తెరుస్తారని."

టీ కప్పు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అయినా నా నోరు ఊరుకోదుగా.

"ఎవరైనా మార్చుకోవచ్చని పైనే రాసిపెట్టాను. నేను వదిలేస్తే మాత్రం మీకెందుకండీ భయం?"

"రాశారు దీదీ," అన్నాడతను మెల్లగా. "ఎలా మార్చుకోవాలో మాత్రం ఎక్కడా రాయలేదు."

టీ పక్కన పెట్టి, కుర్చీ అతని పక్కకు లాక్కున్నాను. ప్రోగ్రాం తెరిచి మొదటి వరుస నుంచి చెప్పడం మొదలుపెట్టాను.