మర్యాదగా రాసిన తాతమ్మ

ఇనుప గనుల ఊరు కిరండోల్ రైల్వే ఆసుపత్రిలో తాతమ్మ ముప్పై ఏళ్లు ఆయాగా పనిచేసి రిటైరైంది. విజయనగరం వైపు మనిషి. సూదికి భయపడి పారిపోయే గని కూలీలను చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చేది. ఎవరితోనూ మెత్తగా మాట్లాడి ఎరగదు.

ఒక మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేసి పింఛను ఆఫీసు నుంచన్నాడు. "మాతాజీ, మీ కాగితాలు అందలేదు. ఫోనుకు ఆరంకెలు వస్తాయి, చదవండి. లేకపోతే పింఛను ఆగిపోతుంది." తాతమ్మ కంగారుపడి, కళ్లజోడు పెట్టుకుని ఆరూ చదివేసింది.

అవి పింఛను అంకెలు కావు. ఆమె మెసేజీల ఖాతాను మరో ఫోనులో తెరిచే అంకెలు. పావుగంటలో ఆమె పేరుతో, ఆమె ఫొటోతో తెలిసినవాళ్లందరికీ మెసేజీ వెళ్లింది: "నమస్కారం. ఆసుపత్రిలో ఉన్నాను. దయచేసి అయిదు వేలు పంపగలరా?"

ఆమెతో పనిచేసిన గురమ్మకు అనుమానమొచ్చి ఫోన్ చేసింది.

"ఏటే, ఆసుపత్రిలో ఉన్నావా?"

"నానా? చేపలు తోముతున్నాను."

"మరి దయచేసి అని రాసేవేటి?"

"అలాటి మాట నానెందుకు రాస్తానే?"

డబ్బు సంగతి వినకముందే తాతమ్మకు కోపం వచ్చింది. విన్నాక భయం వేసింది.

పక్క క్వార్టరులో ఉండే బుకింగ్ క్లర్కు యేసుపాదం సైబరు మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాడు. ఖాతా మళ్లీ ఆమె చేతికి రావడానికి రేపటిదాకా పడుతుందన్నాడు. తాతమ్మ అంతదాకా ఆగలేదు. చెప్పులు వేసుకుని ఇంటింటికీ తిరిగింది. "అది నాను కాదు. పైసా పంపేరంటే ఊరుకోను."

గనిలో పనిచేసే సుక్కా అప్పటికే పంపేశాడు. ఒకప్పుడు మలేరియాతో పడుంటే తాతమ్మ మూడు రోజులు గంజి తాగించింది అతనికే.

"ఒరే, నాకొక ఫోన్ చెయ్యలేకపోయేవేటి?" అంది తాతమ్మ.

"ఏంది దీదీ, నువ్వు అంత మర్యాదగా రాసినవంటే ఇక బతకవనుకున్న," అన్నాడు సుక్కా.

తాతమ్మ తన డబ్బు ఇవ్వబోతే అతను తీసుకోలేదు. వెంటబెట్టుకుని ఠాణాకు తీసుకెళ్లి అతని ఫిర్యాదూ రాయించింది. దొంగ తీసుకునేలోపే బ్యాంకు ఆ సొమ్ము ఆపింది. నెలన్నరకు అది సుక్కాకు తిరిగొచ్చింది.

ఇప్పుడు తాతమ్మ సోమవారాలు ఆసుపత్రిలో రోగుల వరుస దగ్గరికి వెళ్తుంది. ఫోనుకొచ్చిన అంకెలు అడిగినవాడికి ఏం చెప్పాలో అందరిచేతా వల్లె వేయిస్తుంది. అవి ఇక్కడ రాయదగ్గ మాటలు కావు.