యానిమే మేళా గోడ మీద నా బొమ్మ, కింద వేరే పేరు

ఆరేండ్ల సంది పోతున్న, మూడేండ్ల సంది ఒక మాట కడుపుల పెట్టుకున్న. యానిమే మేళాకు పోయినప్పుడల్లా గేటు కాడ నా తెల్లజుట్టు చూసి చేతికి పసుపు పట్టీ కట్టేస్తరు. మొదటి మూడేండ్లు అది రైల్వేల ముసలోళ్ళకు ఇచ్చే రాయితీ అసువంటిదనుకుని ఖుషీగ తిరిగిన. తెలుగు సుత కూడబలుక్కుని చదివేటోణ్ణి, ఇంగ్లీషు ఏడొస్తది. నాలుగో ఏడు ఒక పిల్ల చదివి చెప్పింది, "గార్డియన్ అని ఉంది తాతా" అని. అంటే పిల్లల వెంట వచ్చిన పెద్దమనిషి. నా వెంట ఏ పిల్లా లేదు. నా కోసం నేనే వచ్చిన.

నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల ఫిట్టర్గ చేసి దిగిపోయిన. ముప్పై నాలుగేండ్లు బోగీల కింద పండుకుని పనిచేసిన. అప్పట్ల ఒకనాడు టీవీల యానిమే, అంటే జపానోళ్ళ బొమ్మల కథ, వస్తుంటే అందుల రైలు ఆగింది. చక్రం పక్కన స్ప్రింగు, బ్రేకు కడ్డీ, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నయి. గీసినాయన బోగీ కిందికి వంగి చూసిండని తెలిసిపోయింది. మా పనిని అట్ల వంగి చూసినోళ్ళు ఎవరు? ఆనాటి నుంచి యానిమే విడువలే. కంప్యూటర్లు రాకముందు ఒక్కో బొమ్మకు పల్చటి ప్లాస్టిక్ షీటు మీద చేత్తో రంగులేసేటోళ్ళు. అసువంటివి పదకొండు కూడబెట్టిన.

ఈసారి మేళాల అభిమానుల గోడ పెడ్తున్నరని తెలిసింది. గీసిందో, దాచుకున్నదో, మనిషికి ఒక బొమ్మ తగిలించుకోవచ్చు, కింద పేరు రాస్తరు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆ పదకొండుల రైలు బొమ్మ ఉన్న షీటును రెండు అట్టల నడుమ పెట్టి, దిండు గలీబుల దోపి, మెట్టుగూడల మెట్రో ఎక్కిన. హైటెక్ సిటీ దాకా బండి మారే పని లేదు. ముప్పావు గంట, టికెట్టు డెబ్బై లోపలే. దిగి ఎనభైకి ఆటో మాట్లాడిన.

"మనవండ్లను తోలుకరానీకా పెద్దాయనా?"

"నేనే పోతున్న."

"ఆడ అందరూ వేషాలేసుకుంటరంట గదా. మీదేం వేషం?"

"అరవై తొమ్మిదేండ్ల ముసలోని వేషం."

"మంచిగ కుదిరింది" అన్నడు ఆటో ఆయన, అద్దంల నన్ను చూసుకుంట.

గేటు కాడ మళ్ళ పసుపు పట్టీయే. అభిమానులది నీలం, అదియ్యి అన్న. "రెండూ ఒకటే అంకుల్" అని లోపలికి పంపిండ్రు. ఒకటి కాదు. గోడ కాడున్నామె పట్టీ చూసి, "గార్డియన్లకు గోడ లేదంకుల్, మీ పిల్లల్ని పంపండి" అన్నది.

పక్క టేబుల్ దిక్కు తిరిగిన. కార్ఖానా బస్తీ నుంచి వచ్చిన స్టెల్లా అనే అమ్మాయి ఆవిరి ఇంజను గీస్తున్నది.

"చక్రాలను కలిపే రాడ్డును చక్రం నడిమధ్యల తగిలించినవ్ బిడ్డా. అట్లయితే ఇంజను కదలదు. జెర అంచుకు రావాలె."

ఆమె చెరిపి మళ్ళ గీసింది. "ఇంత తెలిసి గార్డియన్ పట్టీ ఏంది తాతా? మీ షీటు ఇటియ్యండి."

తన నీలం పట్టీ చూపి, గోడ మీద తన బొమ్మకు ఇచ్చిన జాగల నాది తగిలించింది.

"మరి నీదో?"

"వచ్చే యేడు పెడ్త. రాడ్డు సరిగ్గ గీసినంక."

కింద చీటీ మీద ఆమె పేరే రాసిండ్రు. నీలం పట్టీ ఎవరిదో పేరు వాళ్ళదేనంట.

సాయంత్రం ఐదింటి దాకా ఆడనే ఉన్న. ఒకామె మోకాళ్ళ మీద కూసుని, చక్రాల కాడ ముఖం పెట్టి చాలాసేపు చూసింది. నా కోపం సగం ఆడనే దిగింది. ఇన్నేండ్లు ఇంట్ల ఒక్కణ్ణే చూసుకున్న బొమ్మ అది. మీరు గనక ఇసువంటి షీటు పట్టుకపోతే గుండ్రంగ చుట్టకండి, రంగు పెచ్చులూడుతది.

ఇగ మేళా నడిపేటోళ్ళకు. ఆ గోడ మీది బొమ్మలతోని పుస్తకం అచ్చేస్తున్నరంట. స్టెల్లా తన పేరు తీసెయ్యమని మీకు రాసిచ్చింది. నా బొమ్మ కింద నా పేరు, ఎల్లయ్య అని పెడ్తరా, పెట్టరా? వచ్చే నెల పదో తారీఖు లోపల చెప్పండి.