ఎవరి ఫోర్త్ మేలు?

చిక్కడపల్లిలో ఒక మేడ మీదున్న చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో నళిని ఇంజనీరు. 1994 ఎండాకాలమంతా ఆమె ప్రాణం తోడేసినవాళ్ళు ఇద్దరు: కంపెనీ భాగస్వాములు బాలకిషన్, జగన్మోహన్.

నారాయణగూడలో ప్రెస్ నడిపే కిషన్ రావుకు, మిషన్ లోంచి జారిపడే కాగితాలు లెక్కపెట్టే పెట్టె చేసివ్వాలి. లోపల ఒక చిప్పు, అందులో కాస్తంత మెమరీ. దానికి పని చెప్పే భాష పేరు ఫోర్త్. ఆ భాషను చిప్పు మీద నడిపే ప్రోగ్రాం భాగస్వాములిద్దరూ చెరొకటి రాశారు. బాలకిషన్‌ది కొద్ది చోటులో ఒదుగుతుంది, నెమ్మది. జగన్మోహన్‌ది వేగం, చోటు తింటుంది. ఏది మేలో తేల్చమని నళినిని కూర్చోబెట్టి, ఇద్దరూ తేల్చనివ్వలేదు.

"నాది మూడింతలు స్పీడు, రాసుకోమ్మా," అనేవాడు జగన్మోహన్.

"చిప్పుల పడితే గద స్పీడు! నాది సైజుల సగమే," అనేవాడు బాలకిషన్.

ఆ సగమేమిటో విప్పి చూస్తే, అతను ఆజ్ఞల పేర్లు పట్టే చోటు లెక్కలోకే తీసుకోలేదు. ఆ మూడింతలేమిటో చూస్తే, జగన్మోహన్ బోర్డు మీద చిప్పును పరిగెత్తించే క్రిస్టలే వేరు, ఎక్కువ వేగానిది.

"సార్, ఈ క్రిస్టల్ ఎవరు మార్చిండ్రు?"

"పాతది ఖరాబైతే, ఉన్నది పెట్టిన. ఏమైంది?" అన్నాడు జగన్మోహన్.

నళినికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇన్నాళ్ళూ వేసిన లెక్కలన్నీ చెత్తబుట్టలో పడేసి, రెండు ఫోర్త్‌లనూ ఒకే బోర్డు మీద మళ్ళీ కొలిచింది. జగన్మోహన్‌దే వేగం, కానీ అంత తేడా లేదు. పైగా చిప్పులో పట్టదు. బాలకిషన్‌ది పట్టింది. ప్రెస్సుకు తీసుకెళితే మిషన్ వేగం అందుకోలేక కొన్ని కాగితాలు లెక్కపెట్టకుండా వదిలేసింది.

"నేను చేత్తో లెక్కవెట్టినా గింత తప్పు రాదమ్మా," అన్నాడు కిషన్ రావు.

ఆమె ఆఫీసుకు తిరిగొచ్చి, కాగితం లెక్కపెట్టే ముక్కను మాత్రం వేగంగా నడిచేలా చిప్పు సొంత భాషలో రాసింది. మిగతాదంతా బాలకిషన్ ఫోర్త్‌లోనే ఉంచింది. అంతా చిప్పులో పట్టింది. మర్నాడు ప్రెస్సులో మొదటి కట్టను కిషన్ రావు చేత్తో సరిచూసుకున్నాడు. లెక్క కలిసింది.

ఆఫీసుకొచ్చి చెబితే, బాలకిషన్ బల్ల చరిచాడు. "చూసినవా, నా ఫోర్తే గెలిచింది!"

"గెట్ల? స్పీడ్ లేకుంటె పనైతదా? నేను మొదటి నుంచి గదే చెప్తున్న!" లేచాడు జగన్మోహన్.

"మీరే తేల్చుకోండి సార్. నేను ఇంటికి పోతున్న," అని నళిని సంచి భుజానికేసుకుంది.

మిట్టమధ్యాహ్నం అశోక్ నగర్‌లో ఇంటి తలుపు తట్టిన కూతుర్ని చూసి జయశ్రీ, "జరమొచ్చిందా ఏంది?" అని కంగారుపడింది.

"లేదమ్మా. అన్నం పెట్టు."

పెరుగన్నం తింటున్నంతసేపూ కోపం దిగలేదు. చేయి కడుక్కుంటుంటే మాత్రం పొద్దున ప్రెస్సులో చూసింది గుర్తొచ్చింది. రెండో కట్టను కిషన్ రావు లెక్కపెట్టుకోలేదు. పెట్టె మీది అంకె చూసి, తాడు కట్టేశాడు.