గాజు వైపు సముద్రం

నాకు చదువు రాదు. ఒమన్ వచ్చి మూడేళ్లయినా, తప్పిపోతానని భయపడి, వంట చేసే ఇల్లు దాటి ఒంటరిగా ఎక్కడికీ పోలేదు. ఆ శుక్రవారం తెగించి సముద్రం ఒడ్డు పార్కుకు బస్సెక్కాను. పక్క సీట్లో కడప సాయిబులామె. నా భయం వినగానే తన గాజొకటి తీసి నా కుడిచేతికి తొడగబోయింది.

“వద్దు చెల్లె, మొగడు సచ్చినదాన్ని.”

“సచ్చింది ఆయప్ప గదక్కా, నువ్వు కాదు గదా! పొయ్యేటప్పుడు సముద్రం గాజు పక్క ఉండాల. వచ్చేటప్పుడు బోడి చెయ్యి పక్క. అంతే!”

నడకబాట ఆ కొసదాకా పోయాను. అక్కడ అలలకు చెయ్యెత్తి గాజు ఆడించాను. ఎవరినీ అడగకుండా బస్సు దిగిన చోటికే తిరిగొచ్చాను!

ఇప్పుడు ప్రతి శుక్రవారం పోతాను. దారి ఎప్పుడో వచ్చేసింది. గాజు మాత్రం తీయలేదు.