రెండో గీత

హెలెన్‌కి ఒంటికన్ను మూయడం రాదు. బతుకులో పెద్దగా అక్కరకొచ్చే విద్యేమీ కాదు. కానీ ఫిజిక్స్ ల్యాబులో స్పెక్ట్రోమీటరు ముందు కూర్చుంటే ఒక కన్ను మూసి రెండో కంటితో చూడాలి. తను ఎడమ కంటి రెప్పని వేలితో నొక్కిపెట్టి చూసేది. గుంటూరులో బీఎస్సీ చదివిన మూడేళ్లూ దాన్ని ఏడిపించడానికి నాకు ఆ వేలు చాలు.

మాది పర్చూరు దగ్గర పొగాకు పండించే ఇల్లు. వాళ్లది పెదకాకాని పక్క పల్లె. వాళ్లమ్మ కొండమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసేది. పెళ్లికి ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలని నేను చేరాను. వెలుగంటే ఏమిటో తెలుసుకోవాలని తను చేరింది. అంత పిచ్చి కారణంతో కాలేజీకి వచ్చిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సోడియం దీపం పైకి ఒకటే పసుపు వెలుగు. గ్రేటింగ్ అనే సన్నగీతల గాజుపలకలోంచి చూస్తే రెండో వరసలో ఆ పసుపు గీత పక్కపక్కనే రెండుగా విడిపోతుంది. మా కాలేజీలో మంచి గ్రేటింగులు రెండే ఉండేవి. పరీక్షకి తప్ప బీరువాలోంచి బయటికి తీసేవాళ్లు కాదు.

"పరీక్షలో నాకదే రావాలే జ్యోతీ," అనేది హెలెన్. "ఒకటనుకున్నది రెండని నా కళ్లతో నేను చూడాలి."

1998 మార్చిలో అదే వచ్చింది, ఇద్దరికీ. ఆ రోజు కొండమ్మకి జ్వరం. ఒక్కపూట మనిషి రాకపోయినా ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అందుకని హెలెన్ తెల్లవారేసరికి వెళ్లి అమ్మ చోట కూర్చుని తొడిమలు తీసి, చల్లతో రెండుసార్లు చేతులు కడుక్కుని పరీక్షకి వచ్చింది. మిరప ఘాటు చల్లకి పూర్తిగా లొంగదని మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు. తనకి తెలియక కాదు. చీకటి గదిలో ఆ పసుపు గీత కనపడగానే ఒళ్లు మరిచిపోయి, అలవాటు కొద్దీ వేలు కంటిమీద పెట్టింది. మండగానే రెండో కన్నూ నులుముకుంది.

కళ్లు తెరవలేకపోయింది. ధారగా నీళ్లు. పరీక్షకొచ్చిన సారు, "ఏడుస్తావేంటమ్మా, రాకపోతే రాదని చెప్పు," అన్నారు. సంగతి చెప్పుంటే ఇంకో గంట ఇచ్చేవారేమో. తొడిమల మాట ఆ గదిలో ఎత్తాలనిపించలేదని తర్వాత అంది.

నేను మెల్లిగా, "అంకెలు చెప్తా, రాసుకోవే," అన్నాను.

"నువ్వు చూసింది నేనెలా రాస్తానే?"

నేను చూసిందేముంది? అలుక్కుపోయిన ఒక పసుపు మచ్చ. పుస్తకంలోని విలువలు తెలుసు కాబట్టి వెనక నుంచి లెక్క కట్టి ఆ రెండు గీతల కోణాలు రాసేశాను. నాకు మంచి మార్కులొచ్చాయి. ఖాళీ పట్టిక ఇచ్చిన హెలెన్ తప్పింది.

తను అక్టోబరులో మళ్లీ రాసి పాసైంది, వేరే ప్రయోగంతో. అప్పటికి నేను ఎమ్మెస్సీలో చేరిపోయాను. కొండమ్మ మోకాళ్లు పాడయ్యాయి. హెలెన్ ఊళ్లో మిషన్ బడిలో చేరి ఏడో తరగతికి సైన్సు చెప్పడం మొదలుపెట్టింది. ఎమ్మెస్సీ వచ్చే ఏడాది అంది. ఆ మాట నాలుగేళ్లు అంది, తర్వాత అనడం మానేసింది.

కానీ ఆదివారాలు చర్చి అయ్యాక కాయిన్ బాక్సు నుంచి నా హాస్టల్‌కి ఫోన్ చేసేది. "ఈ వారం ఏం చెప్పారే?" కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని నేనంటే, "మా ఊరి బస్సు అసలు కదలదు, అందుకే మేం తొందరగా ముసలివాళ్లమైపోతున్నాం," అని నవ్వేది. క్వాంటం నోట్సు అడిగి తీసుకెళ్లి, మొత్తం చేత్తో రాసుకుని తెచ్చిచ్చింది. ఒక్కటంటే ఒక్క ఫోటాన్, అంత చిన్న వెలుగు రేణువు, రెండు చీలికల దారులూ ఎలా తెలుసుకుంటుందని నన్నడిగింది. పరీక్షకి ఎంత కావాలో అంతే చదివిన నేను ఏం చెప్తాను? ఆ సీటు తనది. నేను దాంట్లో కూర్చున్నాను. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

2009లో మంగళగిరి దగ్గర డిగ్రీ కాలేజీలో నేను లెక్చరర్ని. ఒక శనివారం మధ్యాహ్నం, పిల్లలు వెళ్లిపోయాక హెలెన్‌ని ల్యాబుకి రమ్మన్నాను. దీపం ముందే వెలిగించి, గ్రేటింగ్ సరిచేసి ఉంచాను. హెలెన్ వస్తూనే కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. స్టూలు మీద కూర్చుని వేలెత్తింది. నేను ఆ వేలు పక్కకి తీసి, తన ఎడమ కన్ను నా అరచేత్తో మూశాను.

తను కుడి కన్ను స్పెక్ట్రోమీటరుకి ఆనించింది. నా అరచేయి తడైంది.

"మండుతోందా?"

"లేదే. ఎంత సన్నగా ఉన్నాయే రెండూ! మధ్యలో చీకటి కూడా కనపడుతోంది." కన్ను తీయకుండానే, "పరీక్ష రోజు నీకూ ఇలాగే కనపడ్డాయా?" అంది.

"నేను చూడలేదే. పుస్తకంలోవి రాశాను."

తను తల తిప్పలేదు. నా చేయీ తొయ్యలేదు.

"నేనూ ఆ రోజు అవే రాసేసుండాల్సింది జ్యోతీ," అంది. "దీపం ఆపకు. ఇంకాసేపు చూస్తాను."