మోళ్లు తీసిన చేను

స్వతంత్రం వచ్చిన ఆరేడేళ్లకి అరకు లోయలో ఓ సర్కారు తోట పెట్టారు. ఆ తోట మొత్తానికి ట్రాక్టరు ఒక్కటే. దాన్ని నడిపే యర్రయ్య శృంగవరపుకోట దగ్గర ఎడ్లబండి తోలుకున్నవాడు, కొండెక్కి డ్రైవరయ్యాడు. ఎద్దుకి ముల్లు గుచ్చుకుంటే కుంటుతుంది, మనకి తెలుస్తుంది. ఈ మాయదారి టైరు మాత్రం చెప్పాపెట్టకుండా కూలబడుతుందని అతని బాధ.

తెల్లారితే అతని పూజంతా టైర్లకే. చుట్టూ తిరిగి చేత్తో నొక్కి గాలి చూసుకునేవాడు. పట్టకారుతో ముళ్లు ఏరేవాడు. ఎండకి రబ్బరు పగులుతుందని గోనెలు కప్పేవాడు. పెళ్లాం కనక చూసి చూసి, "నా కాల్లో ముల్లు దిగితే నన్నే తీసుకోమంతావు. ఆ టైరుకైతే పంటితో తీసేలా ఉన్నావు!" అని దెప్పేది.

అతనికి నవ్వొచ్చేది కాదు. కిందటేడు ఓ పోడు చేలో వెదురు మోడు దిగి వెనక టైరు చీలిపోయింది. కొత్త టైరు విశాఖపట్నం నుంచి లారీలో ఘాటెక్కి వచ్చేసరికి దుక్కుల కాలం కాస్తా దాటిపోయింది. "ఇంకోసారి టైరు పోతే, నువ్వూ దాని వెనకే పోతావు" అన్నాడు తోట ఆఫీసరు సర్వేశ్వరరావు. మెత్తగానే అన్నాడు. కేకలేసి ఉంటే యర్రయ్య అంత భయపడేవాడు కాదు.

కొండ దిగువ పల్లెలో భీముడని అతనికో నేస్తం. ఊరికే స్నేహితుడు కాదు. పసుపు బియ్యం జల్లుకుని, కొత్త తువ్వాళ్లు మార్చుకుని, పదిమంది ముందు కట్టుకున్న నేస్తం. అలా కట్టుకున్నాక ఒకరినొకరు పేరుతో పిలవరు, చచ్చేదాకా 'నేస్తం' అనే పిలుపు. నేస్తం అడిగినదానికి కాదనకూడదు. అది కొండమీద కట్టుబాటు.

ఆ ఏడు కొండవాలు పోళ్లని ట్రాక్టరుతో దున్ని చూపించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మొదటి చాలు నేస్తం చేలోనే తోలాలని యర్రయ్యకి ముచ్చట. కానీ పోడంటే నిండా మోళ్లే. చెట్లనీ వెదుళ్లనీ ఏటవాలుగా నరికి కాలుస్తారు, మోకాలెత్తు మోళ్లు వదిలేసి వాటి మధ్యనే విత్తుతారు. ఒక్కో మోడూ బల్లెపు మొనలా ఉంటుంది.

"నేస్తం, మోళ్లన్నీ వేళ్లతో తవ్వి తీసీ. ఒక్కటున్నా నా టైరు పోతాది, దాంతోటి నా కొలువూ పోతాది" అన్నాడు యర్రయ్య.

భీముడు చేనుకేసి చూశాడు. "మోడు తియ్యకూడదు నేస్తం. మా తాతల కాడినుంచి ఎవులూ తియ్యలేదు. అదే మన్ను పట్టుకుంటాది."

"మన్నేటి, ఎక్కడికి పోతాది? సోళ్లు ఎలా పండుతాయో నువ్వే సూత్తావు."

నేస్తం నోరు తెరిచి అడిగాక భీముడు ఇంకేమంటాడు! మొగుడూ పెళ్లాం గునపాలు పట్టుకుని, చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వారు. యర్రయ్య వచ్చి పైనుంచి కిందకి దున్నేశాడు. టైరు మీద గీత పడలేదు. ఆఫీసరు భుజం తట్టాడు. ఆ వారం సంతలో యర్రయ్య మాటలకి పట్టపగ్గాల్లేవు, తనే కొండని చదును చేసినట్టు చెప్పుకున్నాడు.

తొలకరికి చోళ్లు, అదే రాగులు, పచ్చగా మొలిచాయి. ఆషాఢంలో ముసురు పట్టి కొండ మీంచి నీళ్లు దిగాయి. పక్క పోళ్లలో ప్రతి మోడూ అడ్డుపడి మన్నుని నిలబెట్టింది. భీముడి చేలో అడ్డుపడటానికి ఏముంది? మొలకలతో సహా మన్నంతా కింద పారే గెడ్డలోకి కొట్టుకుపోయింది. రాళ్లు మిగిలాయి.

యర్రయ్య పరిగెత్తుకుంటూ వెళ్లాడు. "తప్పయిపోనాది నేస్తం" అన్నాడు. భీముడు తిట్టలేదు. తిట్టి ఉంటే ప్రాణం కాస్త కుదుటపడేది. ఆ మర్నాటి నుంచి తోటపని అవగానే యర్రయ్య గెడ్డలోంచి గంపలతో మన్ను మోసి చేలో పోశాడు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి. తర్వాతి వాన ఆ మన్నునీ తీసుకుపోయింది. అతనికి అన్నం సహించేది కాదు. కనక దెప్పడం మానేసింది.

ట్రాక్టరు ముందు నడిచి ముళ్లూ మోళ్లూ ఏరే మనిషిని ఇమ్మని యర్రయ్య ఎప్పటినుంచో ఆఫీసరుని అడుగుతున్నాడు. మరుసటేడు దుక్కులకి ఇచ్చారు. పొద్దున్నే షెడ్డు ముందు నించుని ఉన్న ఆ కూలీ భీముడు.

ట్రాక్టరు కదిలింది. ముందు భీముడు వట్టికాళ్లతో నడుస్తున్నాడు. కాస్త దూరం పోయాక ఆగి, కాలెత్తి, అరికాల్లోంచి పొడుగాటి ముల్లు లాగి పారేశాడు. నెత్తురు కారింది. యర్రయ్య ఒక్క గెంతులో దిగి పోయి అతని కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నేస్తం, కాలు సూపించు" అన్నాడు.

భీముడు కాలు వెనక్కి తీసుకున్నాడు.

"టైరుకేటీ అవలేదు బాబూ, రండి" అని ముందుకి నడిచాడు.